కుంకుడు చెట్టు నుంచి షాంపూ ప్యాకెట్ దాకా



ఈ వారం పత్తి లేదు, మిర్చి లేదు. తలకి పోసుకోవడం గురించి రాస్తున్నాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. చివరిదాకా చదివితే ఇది కూడా వ్యవసాయం సంగతేనని మీకే తెలుస్తది.

మా ఇంట్లో షాంపూ మానేసి రెండేళ్లు దాటింది. ఒంటి సబ్బు కూడా చాలా వరకు తగ్గింది. తలకి కుంకుళ్లో సీకాయో, ఒంటికి సున్నిపిండి. ఊళ్లో కొందరు "ఏందయ్యా, మళ్లీ పాతకాలానికి పోతున్నారా" అంటున్నారు. ఇంకొందరు "మంచి పని చేశారు, షాంపూల్లో అంతా విషమేనంట" అంటున్నారు. రెండు మాటలూ నాకు సరిపడవు. ఆ రోగం వస్తది, ఈ రోగం వస్తది అని ఫోన్లలో తిరిగే కబుర్ల జోలికి నేను పోను. నేను తెలుసుకోవాలనుకున్నది వేరే. దొడ్లో కాసే కాయను వదిలేసి మనం కొట్టులో ప్యాకెట్ దగ్గరికి ఎట్లా వచ్చాం? ఎవరు తెచ్చారు, ఎప్పుడు తెచ్చారు, మనం ఎందుకు ఒప్పుకున్నాం? ఆ కథే ఇది.

ముందు మన ఊళ్లలో ఏముండేదో చెప్పుకుందాం. నా ఈడు వాళ్లకి గుర్తుంటది. కుంకుడు చెట్టు చేను గట్టు మీదో, దొడ్డి మూలనో ఉండేది. దానికి ఎవరూ నీళ్లు పోసింది లేదు, ఎరువు వేసింది లేదు. ఎండలు ముదిరేలోపు కాయలు రాలతాయి, ఏరి ఎండబెట్టి డబ్బాలో పోసుకోవడమే. తలకి పోసుకునే రోజు కాయను రాయితో చితక్కొట్టి, గింజ తీసేసి, పెచ్చును వేడినీళ్లలో నానేసి పిసికితే నురగ వచ్చేది. నల్లటి ఆ గింజలు పిల్లలకి ఆటకి. పట్టుచీరలు ఉతకడానికి అదే రసం. కంసాలి దగ్గర వెండి, బంగారం మెరుగు పెట్టడానికి అదే రసం.

సీకాయ అట్లా దొడ్లో ఉండదు. అది ముళ్ల తీగ, అడవిలో పెద్ద చెట్ల మీదికి పాకుద్ది. తూర్పు కనుమల అడవుల్లో గిరిజనులు కోసి సంతకి తెస్తే మన దాకా వచ్చేది. సున్నిపిండి మాత్రం మన చేలోదే. పెసలో శనగలో విసిరి, పసుపు, బావంచాలు, కచ్చూరాలు కలిపేవాళ్లు. నువ్వుల నూనె ఒంటికి పట్టించి ఈ పిండితో నలుగు పెడితే నూనె, మట్టి రెండూ పిండిలోకి లాగేవి. బట్టలకి చౌడు మట్టి. చాకలోళ్లు బట్టల్ని చౌడు నీళ్లలో ముంచి ఉబ్బకి పెట్టేవాళ్లు. ఇవన్నీ ఊళ్లోనో, ఊరి చుట్టుపక్కలో దొరికేవి.

అట్లాగని ఆ రోజులన్నీ బంగారమని నేను చెప్పను. చెట్టు ఉన్నది పొలం ఉన్నోళ్లకి. కూలికిపోయే ఇంట్లో తలకి పోసుకోవడం అంటే వారానికి ఒకసారి, కొందరికి పండక్కే. కుంకుళ్లు దొరకనోళ్లు రేగడి మట్టితోనో బూడిదతోనో కానిచ్చేవాళ్లు. నీళ్లు బావి నుంచి మోయాలి, కాగు కింద పొయ్యి రాజెయ్యాలి, కాయలు కొట్టాలి. ఈ పనంతా ఎవరిది? ఆడవాళ్లది. ఇంట్లో నలుగురికి తలలు రుద్దేసరికి ఆమెకి పూట గడిచిపోయేది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తది.

ఇప్పుడు కాస్త శాస్త్రం. భయపడొద్దు, మనకి తెలిసిన సంగతే. వేపనూనె పిచికారీ చేసేటప్పుడు ఏం చేస్తాం? ఉత్త నీళ్లలో పోస్తే నూనె పైన తేలుద్ది. అందుకని సబ్బు పొడో, కుంకుడు రసమో కలుపుతాం. అప్పుడు నూనె సన్నటి బొట్లుగా విడిపోయి, నీళ్లు పాలలాగా తెల్లబడతాయి. తలలో జరిగేదీ అదే. జుట్టుకి పట్టిన జిడ్డుని బొట్లుగా విడగొట్టి నీళ్లతోపాటు పంపించడం. కుంకుడులో, సీకాయలో ఈ పని చేసే పదార్థం పేరు సాపోనిన్. లాటిన్ భాషలో సబ్బుని సాపో అంటారు, ఆ మాట నుంచే సాపోనిన్ అనే పేరు పుట్టింది. కుంకుడు జాతికి శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేరు సపిండస్, అందులోనూ ఆ సబ్బు మాటే ఉంది. సబ్బు అంటే నూనెని కాస్టిక్ సోడాతో కలిపి చేసింది. షాంపూలో ఉండేది ఫ్యాక్టరీలో తయారైన డిటర్జెంట్. మూడూ చేసే పని ఒకటే, వచ్చిన దారులు వేరు.

ఒక తేడా మాత్రం ఉంది. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. అట్లాంటి నీళ్లలో సబ్బు విరిగిపోయి తెల్లటి తెట్టు కడతది. బకెట్టు అంచున చూస్తుంటాం గదా, అదే. తలకి సబ్బు రుద్దితే ఆ తెట్టు జుట్టుకి పట్టి, జుట్టు పీచులాగా తయారవుద్ది. కుంకుడు రసానికి ఈ బాధ లేదు. షాంపూకీ లేదు. అందుకే సబ్బు మన ఇళ్లలోకి వచ్చి ఒంటిని పట్టుకుంది గానీ, చాలాకాలం తలని మాత్రం పట్టుకోలేకపోయింది. తల కుంకుడు దగ్గరే ఉండిపోయింది. ఆ తలని కూడా గెలిచింది షాంపూ.

ఆ షాంపూ అనే మాట ఎక్కడిదో తెలుసా? ఇంగ్లీషోళ్లది అనుకుంటాం. కాదు, మన దేశానిదే. హిందీలో చాంప్నా అంటే ఒత్తడం, పిసకడం. "చాంపో" అంటే ఒత్తు అని. తల మర్దనాని చంపీ అంటారు గదా, అదే కుటుంబం. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో, 1760ల్లోనే ఈ మాట ఇంగ్లీషులోకి ఎక్కింది. అప్పుడు దాని అర్థం ఒళ్లు మర్దన చెయ్యడం మాత్రమే, తల కడగడం కాదు.

దాన్ని ఇంగ్లండులో పెద్ద వ్యాపారం చేసినాయన కూడా మనోడే. పేరు షేక్ దీన్ మహమ్మద్. 1759లో పాట్నాలో పుట్టాడు. చిన్నప్పుడే కంపెనీ సైన్యంతో చేరి, 1784లో ఐర్లండు పోయాడు. 1810లో లండన్‌లో మన వంటకాలతో హోటల్ పెట్టాడు, అది నడవక దివాలా తీశాడు. తర్వాత సముద్రం ఒడ్డున ఉన్న బ్రైటన్ అనే ఊరికి పోయి ఆవిరి స్నానాలు, మర్దనాలు మొదలుపెట్టాడు. దానికి షాంపూయింగ్ అని పేరు పెట్టాడు. అది ఎంత నడిచిందంటే, ఇంగ్లండు రాజు నాలుగో జార్జికి, ఆయన తర్వాత నాలుగో విలియంకి కూడా ఆయనే షాంపూయింగ్ సర్జన్. 1851లో చనిపోయాడు. అదే శతాబ్దంలో ఆ మాటకి మెల్లగా తల కడగడం అనే అర్థం కుదిరింది. మన మాట ఓడెక్కి పోయి, అర్థం మార్చుకుని, వందేళ్ల తర్వాత సీసాలో తిరిగొచ్చింది.

మాట పోయిన దారి అది. ఇక సరుకు వచ్చిన దారి చూద్దాం. ముందు వచ్చింది సబ్బు. 1888లో కలకత్తా రేవులో సన్‌లైట్ సబ్బు పెట్టెలు దిగాయి. ఇంగ్లండులో లీవర్ బ్రదర్స్ చేసిన సబ్బు అది. కొన్నేళ్లకి లైఫ్‌బాయ్ వచ్చింది. 1897లో మీరట్‌లో మన దేశంలోనే సబ్బు ఫ్యాక్టరీ మొదలైంది. సబ్బు అంటే నూనె, నూనె అంటే భూమి. ఆ కంపెనీకి తాటి జాతి నూనె కావాల్సి వచ్చింది, ఇప్పుడు మనం ఆయిల్ పామ్ అంటున్నదే. దానికోసం 1911లో ఆఫ్రికాలోని కాంగోలో, అప్పటి బెల్జియం ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని 7.5 లక్షల హెక్టార్ల దాకా హక్కులు తీసుకుంది. అక్కడ జనం చేత బలవంతంగా గెలలు కోయించిన చరిత్ర రాసి ఉంది. ఇయ్యాల మన దేశంలో ఆయిల్ పామ్ ఎక్కువగా పండేది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. గోదావరి జిల్లాల్లో, ఖమ్మం వైపు తోటలున్న మిత్రులకి ఈ పంట వెనక ఎంత కథ ఉందో తెలియాలని చెబుతున్నాను. ఒకరు నురగ చూస్తారు, ఆ నురగ వెనక ఇంకొకరి చేను ఉంటది.

స్వదేశీ రోజుల్లో మనోళ్లు ఊరుకోలేదు. 1914లో కాలికట్‌లో కేరళ సోప్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయిన రోజుల్లో ఆర్దేషీర్ గోద్రెజ్ జంతువుల కొవ్వు లేకుండా మొక్కల నూనెలతోనే సబ్బు చేసి చూపించాడు. అన్నిటికంటే నాకు నచ్చింది మైసూరు కథ. మైసూరు రాజ్యంలో గంధపు చెక్క బాగా దొరికేది, యూరప్‌కి పోయేది. 1914లో యుద్ధం రాగానే ఓడలు ఆగాయి, చెక్క ఇక్కడే గుట్టలు పడింది. అప్పుడు రాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. చెక్క అమ్మడం కాదు, నూనె మనమే తీద్దాం అనుకున్నారు. 1916లో నూనె తీశారు, 1918కల్లా గంధం సబ్బు తెచ్చారు. వందేళ్లు దాటినా మైసూర్ శాండల్ సబ్బు ఇప్పటికీ కొట్టులో ఉంది. ముడిసరుకు అమ్ముకునేవాడికి, దాన్ని సరుకు చేసి అమ్మేవాడికి తేడా ఏందో ఈ ఒక్క కథ చాలు. పత్తి రైతుకి, మిర్చి రైతుకి నేను వేరే చెప్పక్కర్లేదు.

షాంపూ సంగతికొస్తే, ఇప్పుడు మనకి తెలిసిన షాంపూ పుట్టింది 1930ల్లో. అమెరికాలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ డ్రీన్ అనే షాంపూ తెచ్చింది. సబ్బు కాదు, డిటర్జెంట్. సున్నపు నీళ్లలో కూడా నురగ ఇచ్చేది. మన దేశానికి వచ్చాక కూడా చాలా ఏళ్లు అది సీసాల్లోనే ఉంది. సీసా కొనాలంటే ఒక్కసారే పెద్ద మొత్తం పెట్టాలి. పట్నంలో జీతగాళ్లు కొన్నారు. పల్లెలో ఎవరు కొంటారు? మనకి డబ్బు వచ్చేది పంట అమ్మినప్పుడు, కూలోళ్లకి వచ్చేది ఏ రోజుకా రోజు. సీసా మన గడప తొక్కలేదు.

ఆ గడప దాటించింది పెద్ద కంపెనీ కాదు. తమిళనాడులో కడలూరు అనే ఊళ్లో చిన్ని కృష్ణన్ అనే ఆయన చిన్న మందుల వ్యాపారం చేసేవాడు. ఉన్నోడు వాడే సరుకు కూలోడు, రిక్షావాడు కూడా వాడాలి, దానికి సరుకుని చిన్న పొట్లం చెయ్యాలి అనేది ఆయన ఆలోచన. ఆయన పోయాక కొడుకులు వెల్వెట్ అనే షాంపూని ప్యాకెట్లలో తెచ్చారు. వాళ్లలో ఒకాయన, సి.కె. రంగనాథన్, ఇంట్లోంచి విడిపోయి 15,000 రూపాయలతో 1983లో చిక్ షాంపూ మొదలుపెట్టాడు. ఆ చిక్ అనే పేరు కూడా తండ్రి పేరులోని ఇంగ్లీషు అక్షరాలే.

ఆయన ఎట్లా అమ్మాడో వింటే మెచ్చుకోవాల్సిందే. షాంపూ అంటే తెలియని పల్లెలకి పోయారు. జనం ముందు ఒక పిల్లోడిని కూర్చోబెట్టి తల రుద్ది కడిగి, "ఏదీ, ముట్టుకుని చూడండి, వాసన చూడండి" అనేవాళ్లు. రజనీకాంత్ సినిమాలు వేసి, మధ్యలో ప్రకటన చూపించి, చివర్లో ప్యాకెట్లు ఊరికే పంచేవాళ్లు. వాడేసిన ఖాళీ ప్యాకెట్లు ఐదు తెస్తే ఒక కొత్త ప్యాకెట్ ఉచితం అన్నారు, ముందు ఏ కంపెనీవైనా తీసుకున్నారు, తర్వాత తమవే అన్నారు. మల్లె వాసన, గులాబీ వాసన కలిపారు. సినిమా నటి అమల చేత ప్రకటన చేయించారు. 1999లో ధర అర్ధ రూపాయికి దించారు. పెద్ద కంపెనీలు కూడా చచ్చినట్టు ప్యాకెట్ల దారికి రావాల్సి వచ్చింది. ఈరోజు ఏ కిరాణా కొట్టు ముందు చూసినా దండలు దండలుగా వేలాడే ప్యాకెట్లు ఆ కడలూరు ఆలోచనే.

చూడండి, ఒక చిన్న ఊరు మనిషి 15,000 రూపాయలతో పెద్ద కంపెనీల్ని గెలిచాడు. నేనాయన్ని తప్పు పట్టను. మన కూలి లెక్క ఆయనకి అర్థమైంది. మన చేతిలో ఏ రోజుకి ఎంత ఉంటదో చూసి, దానికి తగ్గ సరుకు చేశాడు. మన పంటలకి అట్లా లెక్క చూసినోళ్లు ఎంతమంది ఉన్నారు?

మరి మనం ఎందుకు ఒప్పుకున్నాం? నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

ఒకటి, ఆడవాళ్ల పని. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇదే. కాయలు కొట్టి, నానేసి, పిసికి, వడగట్టే పని ప్యాకెట్ చింపడంతో తీరిపోయింది. పొద్దున్నే నాట్లకి పోవాల్సిన మనిషికి, బడికి బస్సు అందుకోవాల్సిన ఆడపిల్లకి, హాస్టల్లో ఉండే పిల్లకి అది చిన్న సాయం కాదు. షాంపూ రాకముందు రోజులు గొప్పవి అనే మగవాళ్లు ఎప్పుడైనా నలుగురి తలలకి సరిపడా కుంకుళ్లు కొట్టారా అని అడగాలి.

రెండు, చెట్లు పోయాయి. ట్రాక్టర్లు వచ్చాక గట్లు సన్నబడ్డాయి. బోర్లు పడ్డాక అడుగు నేల కూడా పంటకే అయింది. చెట్టు నీడ పడితే పైరు ఎదగదని కొట్టేశాం. అన్నదమ్ముల పంపకాల్లో గట్టు చెట్టు ఎవరిదనే గొడవ రాకుండా కొట్టేసినవీ ఉన్నాయి. దొడ్లు పోయి స్లాబ్ ఇళ్లు వచ్చాయి. చెట్టు ముందు పోయిందా, షాంపూ ముందు వచ్చిందా అంటే, ఒకదానికొకటి దారి ఇచ్చుకున్నాయి.

మూడు, నామోషీ. కుంకుడు ముసలోళ్లది, షాంపూ సినిమావాళ్లది అయింది. కుంకుడు కళ్లలో పడితే మంట, వాసన కూడా గొప్పగా ఉండదు. ఇవి నిజాలే. పిల్లలు ఏడ్చింది కూడా నిజమే.

ఇక లెక్క. మనం రైతులం గదా, లెక్క లేనిదే నమ్మం. ఇంట్లో ఐదుగురు. మనిషికి వారానికి రెండుసార్లు, ప్యాకెట్ 2 రూపాయలు అనుకోండి. ఏడాదికి 520 ప్యాకెట్లు, 1040 రూపాయలు. ఇల్లు కూలిపోయే ఖర్చు కాదు. కానీ 400 గడపలున్న ఊరు అనుకుంటే ఏడాదికి 4,16,000 రూపాయలు ఊరు దాటి పోతాయి. 2,08,000 ఖాళీ ప్యాకెట్లు ఊళ్లోనే ఉంటాయి. డబ్బు బయటికి పోద్ది, చెత్త మాత్రం మనతోనే ఉండిపోద్ది.

ఆ చెత్త ఎక్కడుందో మనకి తెలుసు. కాలవలో, చెరువు అలుగు దగ్గర, దిబ్బ ఎరువుతోపాటు మన చేలో. దిబ్బ ఎరువు తోలి దున్నితే నాగలి వెనక తళతళా మెరుస్తుంటాయి. ప్యాకెట్ చూడ్డానికి ఒక పొరే గానీ, రెండు మూడు రకాల పొరలు అతికించి చేస్తారు. విడదీయడం కష్టం, అందుకని పాత ప్లాస్టిక్ కొనేవాళ్లు ఏరుకోరు. బిందె పగిలితే కొంటారు, ప్యాకెట్‌ని ముట్టుకోరు. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ కొన్ని రకాలు నిషేధించారు. స్ట్రాలు, గ్లాసులు, పళ్లాలు ఆ జాబితాలో ఉన్నాయి. షాంపూ ప్యాకెట్ లేదు. అంటే ఇది ఎవరో వచ్చి ఎత్తుకుపోయేది కాదు. కాలిస్తే పొగ మన పిల్లలే పీల్చాలి.

ఇంకో సంగతి చెప్పాలి. షాంపూ అమ్మే కంపెనీలే ఇప్పుడు సీకాయ పొడి కూడా అమ్ముతున్నాయి. చిక్ పుట్టిన కంపెనీదే మీరా పొడి. అంటే కుంకుడు, సీకాయ ఓడిపోలేదు. జనానికి ఇంకా వాటి మీద నమ్మకం ఉందనే కంపెనీలు వాటిని ప్యాకెట్లోకి ఎక్కించాయి. ఓడిపోయింది చెట్టు కాదు, చెట్టు ఉన్న రైతు. కాయ ఏరినోడికి వచ్చేది ఎంత, పొడి ప్యాకెట్ మీద ధర ఎంత? మన దగ్గర దీనికి ఒక దారి చూపించిన సంస్థ లేకపోలేదు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా పెట్టిన గిరిజన సహకార సంస్థ అడవిలో గిరిజనులు ఏరిన కుంకుళ్లు, సీకాయ, చింతపండు, తేనె కొని అమ్ముతుంది, సబ్బులు కూడా చేస్తుంది. అడవిలో వాళ్లకి ఉన్న ఏర్పాటు మైదానంలో మనకి లేదు. రైతు సంఘాలు పెట్టుకుంటున్నాం గదా, మిర్చికి, పసుపుకే కాదు, ఇట్లాంటి వాటికీ ఆలోచించొచ్చు.

ఇప్పుడు మా ఇంట్లో ఎట్లా చేస్తున్నామో చెబుతాను. ఇష్టమైతే చూడండి.

కుంకుళ్లు కొట్టే పని, నానేసే పని నాదీ మా అబ్బాయిదీ. మొదటి రోజే మా ఇంటావిడ పెట్టిన షరతు ఇది. "మీకు కుంకుళ్లు కావాలంటే మీరే కొట్టుకోండి, నాకు మళ్లీ రోలు దగ్గర కూర్చునే ఓపిక లేదు" అంది. న్యాయమైన మాట. ఈ షరతు లేకుండా ఎవరైనా షాంపూ మానేస్తే అది ఆ ఇంటి ఆడవాళ్ల నెత్తిన మళ్లీ బరువు పెట్టడమే.

పొట్టి జుట్టుకి నాలుగైదు కాయలు, పెద్ద జడకి ఎనిమిది పది కాయలు చాలు. పెచ్చుల్ని రాత్రే నానేసి, పొద్దున పిసికి పలచటి గుడ్డలో వడగట్టాలి. వడగట్టకపోతే పిప్పి జుట్టులో ఇరుక్కుంటది. రసం నిలవ ఉండదు, పులిసి వాసన వస్తది, ఏ రోజుకి ఆ రోజు చేసుకోవాలి. కళ్లు గట్టిగా మూసుకోవాలి, చిన్నపిల్లల దగ్గర మరీ జాగ్రత్త. షాంపూ అంత నురగ రాదు, వాసన ఉండదు. జుట్టు శుభ్రపడతది, అంతవరకే నేను చెప్పగలను. జుట్టు ఒత్తుగా పెరుగుద్ది అని నేను చెప్పను, నా నెత్తి చూసినోళ్లు నమ్మరు కూడా.

చేపల చెరువు ఉన్నోళ్లు ఒకటి గమనించాలి. సాపోనిన్ చేపలకి పడదు. కుంకుడు నీళ్లు పొర్లి చెరువులో పడనీయొద్దు. చెట్టు నుంచి వచ్చింది గాబట్టి అన్నిటికీ మంచిదే అనుకోవడం కుదరదు.

సబ్బు మొత్తానికి మానేయమని నేను ఎవరికీ చెప్పను. పురుగుమందు కొట్టి వచ్చాక ఒళ్లు, చేతులు సబ్బుతోనే కడుక్కోవాలి. దొడ్డికి పోయొచ్చాక, అన్నానికి ముందు, పసిబిడ్డని ఎత్తుకునే ముందు సబ్బు ఉండాల్సిందే. అక్కడ పంతాలు వద్దు. హాస్టల్లో ఉండే మా అమ్మాయి షాంపూ వాడుతుంది, వాడనివ్వండి. అక్కడ కాయలు నానేసుకునే చోటు కూడా ఉండదు. మానేయడం అంటే నాకు మడి కట్టుకోవడం కాదు. మన దగ్గర దొరికేదానికి ఊరికే డబ్బు పెట్టకుండా ఉండటం, అంతే.

చెట్టు సంగతి చెప్పి ముగిస్తాను. కుంకుడు గింజ రాయిలాంటిది, అట్లాగే పాతితే మొలవడానికి చాలాకాలం పడతది. పైపొరని కాస్త గరుకు రాయి మీద అరగదీసి, ఒక రోజు నీళ్లలో నానేసి కవర్లలో పెట్టండి. మొలిచాక మొదటి రెండేళ్లు మేకల నుంచి కాపాడితే చాలు, తర్వాత దాని పని అది చూసుకుంటది. కాపుకి రావడానికి మాత్రం ఏళ్లు పడతది, గింజ మొక్క అయితే ఏడెనిమిదేళ్ల ముందు ఆశ పెట్టుకోవద్దు. బాగా కాసిన చెట్టు ఒకటుంటే ఒక ఇంటికి ఏడాదికి సరిపోగా మిగుల్తది. గట్టు మీద నీడ పడతదని భయమైతే, పొలానికి ఉత్తరం వైపు గట్టు మీద పెట్టండి. చలికాలం నీడ పక్క డొంక మీద పడతది గానీ మన పైరు మీద పడదు.

నా వయసుకి ఏడెనిమిదేళ్లు అంటే చిన్న లెక్క కాదు. అయినా పోయిన వానాకాలం మూడు మొక్కలు పెట్టాను. రెండు బతికాయి. ఈ ఏడు కవర్లలో ఇరవై దాకా మొలిచి ఉన్నాయి. మన ఊరోళ్లు, పక్క ఊరోళ్లు ఎవరికి కావాలన్నా వచ్చి తీసుకుపోండి, డబ్బులేం వద్దు. ఒక్కటే అడుగుతాను. మీ ఊళ్లో పాత కుంకుడు చెట్టు ఎక్కడైనా ఇంకా నిలబడి ఉంటే, దాన్ని కొట్టేముందు ఒకసారి దాని కింద కాయలు ఏరి చూడండి.

ఉంటాను. వచ్చే వారం మళ్లీ మిర్చి సంగతే.